ప్రహరీ వెంట పాదులు

జగ్గయ్యపేట శివార్లలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు, గేటు దగ్గర్నుంచి వెనక కుళాయి దాకా ప్రహరీ గోడ వెంబడి సన్నటి నేల మిగిలింది. దానికీ సిమెంటు చేయించేద్దామన్నాను. నా భార్య ఒప్పుకోలేదు. అప్పటికే ఆమె కిడ్నీలు రెండూ పాడై, విజయవాడలో డయాలసిస్ మొదలైంది. నాకు నందిగామలో మోటార్లు వైండింగ్ చేసే కొట్టుంది. ఆస్పత్రి రోజుల్లో కొట్టు మూసి ఆమె వెంట వెళ్ళేవాణ్ణి. మాకు పిల్లల్లేరు.

డయాలసిస్ అయిన రోజు ఆమె కిరాయి కారులో కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోయేది. మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ఒకరోజు నందిగామ దాటాక హైవే పక్కన నర్సరీ కనపడగానే, "కాస్త ఆపమనండి" అంది.

నర్సరీ ఆయన బంతి మొక్కలు, రంగురంగుల పూల కుండీలు తెచ్చి చూపించాడు.

"ఇవి ఎన్నాళ్ళుంటాయండీ?" అని అడిగింది.

"చలికాలమంతా విరగబూస్తాయమ్మా."

"ఆ తర్వాత?"

"ఇంకేముంది, పీకేసి కొత్తవి పెట్టుకోవడమే."

"అట్టాంటివి నాకొద్దండీ. ఒక్కసారి పెడితే ఏళ్ళ తరబడి ఉండేవివ్వండి."

ఆమె మామూలుగానే అంది. నేను మాత్రం అక్కడ నిలబడలేక, రోడ్డు మీద పోయే లారీల వంక తిరిగాను.

నందివర్ధనం, మందారం, నూరువరహాలు, కనకాంబరం, ఒక మల్లె అంటు, ఒక సంచీడు లిల్లీ దుంపలు కొన్నాం. ఇంటికి తెచ్చిన వెంటనే నాటనివ్వలేదు. కవర్లతోనే గోడ వెంట పెట్టించి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎండ ఎటు నుంచి వస్తుందో, గోడ నీడ ఎంతసేపు ఉంటుందో చూసి, వాటిని అటూ ఇటూ మార్పించింది. ఎత్తుగా పెరిగేవి గోడ వైపు, పొట్టివి ముందు వైపు. రెంటికీ మధ్య ఇప్పుడు బోసిగా ఉన్నా ఖాళీ వదలాలట.

"ఇంత దూరమెందుకు? అసలేం లేనట్టుంది" అన్నాను.

"పెరిగాక చూడండి. అప్పుడు చోటు చాలదు."

మా వైపు నేలలో కాస్త తవ్వితే చాలు, తెల్లటి సున్నపురాయి తగులుతుంది. గునపం వేస్తే చేతులు జిల్లుమనేవి. రాళ్ళు పెళ్ళగించి, చందర్లపాడు నుంచి తెలిసినవాళ్ళ ట్రాక్టర్లో చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు తెప్పించి గోతులు నింపాను. ఆమె కుర్చీలోంచి చెబుతూ ఉండేది. చేతికి డయాలసిస్ సూదులు గుచ్చే చోటు ఉంది కాబట్టి బరువు ఎత్తకూడదు.

అన్నిటికంటే ఆమెకు కష్టం నీళ్ళతో వచ్చింది. రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే తాగాలని డాక్టరు చెప్పాడు. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క చప్పరించేది. మొక్కలకు నీళ్ళు పెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఒక సాయంత్రం నేను కొట్టు నుంచి తొందరగా వచ్చేసరికి, చేతిలో పైపు పట్టుకుని నందివర్ధనం మొదట్లో నిలబడి ఉంది. నన్ను చూడలేదు.

"తాగండి తల్లీ, మీరన్నా కడుపు నిండా తాగండి" అంటోంది.

నేను గేటు బయటే ఆగిపోయాను. సెంటరు దాకా వెళ్ళి, అక్కర్లేని సామాను ఏదో కొనుక్కుని అప్పుడు ఇంట్లోకి వచ్చాను.

బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. నూరువరహాల ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. ఆమె దిగులు చూడలేక ఆ ఒక్క మొక్కకీ తాగే నీళ్ళ టిన్ను తెచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు చిగురు పచ్చగా వచ్చింది. చలికాలంలో మల్లెకు నీళ్ళు ఆపేయించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించమంది. పచ్చటి కొమ్మ మీద కత్తెర పెట్టడానికి నాకు చెయ్యాడలేదు.

"కొయ్యండి, ఏం కాదు. కొయ్యకపోతే పూత రాదు."

ఆ ఎండాకాలం మల్లె బాగా పూసింది. వాసనకు వికారం వస్తోందని ఆమె పూలు తలలో పెట్టుకోలేకపోయింది. ఒళ్ళో పోసుకుని కట్టి, పక్కింటావిడకు పంపేది.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక, ఒకరోజు డయాలసిస్ జరుగుతుండగానే ఆమె గుండె ఆగిపోయింది. నేను టీ తాగి వద్దామని కిందికి దిగాను. తిరిగి వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది.

పెద్దకర్మ రోజు ఇంటి ముందు షామియానా వేశారు. మిగతా చోటంతా గచ్చు కాబట్టి గుంజలు దిగడానికి మట్టి ఆ పాదుల్లోనే ఉంది. కనకాంబరాల మధ్యన పాతారు. వెనక కుళాయి దగ్గర వంటలు. అన్నం వార్చిన గంజి, పొగలు కక్కుతున్నది, ఎవరో మల్లె మొదట్లో కుమ్మరించారు. నేను చూస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్ళెవరో నా రెండు చేతులూ పట్టుకుని ధైర్యం చెబుతున్నారు. మొక్క కోసం కేకలేస్తే ఏమనుకుంటారోనని నోరెత్తలేదు.

వదినగారు, అంటే నా భార్య అక్కగారు, కొన్నాళ్ళు నాకు తోడున్నారు. వెళ్ళేముందు అన్నారు: "మరిదిగారూ, ఇవన్నీ పీకించేసి బండలేయించండి. ఒక్కరూ ఏం చూసుకుంటారు?"

"చూద్దాం వదినగారూ" అన్నాను.

చూశాను. ఆ వేసవిలోనే మందారం కొమ్మలకు తెల్లటి పిండినల్లి పట్టింది. వేపనూనె కలిపి కొట్టాను. పోలేదు, ఎండిపోయింది. నూరువరహాలకు టిన్ను నీళ్ళు తెస్తూనే ఉన్నాను, అదీ ఆగలేదు. చచ్చిన మొక్కను పీకితే వేళ్ళు నేను నింపిన మట్టి దాటి ఎక్కడికీ పోలేదు. రాయి తగిలిన చోట చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

మల్లె పోయిందనే అనుకున్నాను. వానలకు మొదట్లోంచి ఒక చిగురు లేచింది. నాకేమీ సంతోషం కలగలేదు. చలికాలం వచ్చాక ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాను. ఎక్కడ కొయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. తోచిన చోట కోశాను.

ఈ వేసవిలో అది మళ్ళీ పూసింది. నందిగామ నుంచి బస్సు దిగి వచ్చేసరికి మొగ్గలు విచ్చుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. పక్కింటావిడ గోడ మీదుగా అడిగింది, "కోసుకోమంటారా అన్నయ్యగారూ?"

"మొత్తం కోసుకోండమ్మా" అన్నాను.

రోజూ వచ్చి కోసుకుంటుంది. అయినా పైకొమ్మల్లో చేతికందనివి కొన్ని మిగులుతాయి. చీకటి పడేసరికి అవి విచ్చుకుంటాయి. ఆ వాసన లోపలికి రాకుండా కిటికీ వేసేసి, ఫ్యాను పెట్టుకుని పడుకుంటున్నాను. ఉక్కపోస్తుంది.