ముక్కు మూగబోయినప్పుడు

నాకు అన్నం పెట్టింది నా ముక్కే. బాపట్లలో వ్యవసాయం చదివి, నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోటలో వైన్ రుచి చూసే ఉద్యోగంలో చేరాను. "తాగి ఉమ్మేయడానికి జీతమేంటే?" అని రేపల్లె పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. ఉమ్మేయకపోతే మధ్యాహ్నానికి ఏ పీపాలో ఏముందో తెలియదని చెప్పినా ఆవిడ నమ్మదు.

నాలుకకు తెలిసేది తక్కువ. తీపి, పులుపు, చేదు, వగరు, ఆ కాసిని. మిగతా వైన్ అంతా ముక్కుకే తెలుస్తుంది. తోటలో పండు కోతకొచ్చిందో లేదో గింజ నమిలి చెప్పొచ్చు. గింజ పచ్చిగా ఉంటే ఆ వైన్ నోరు పట్టేస్తుంది. కానీ పీపాలో వైన్ పక్వానికి వస్తోందా, పాడవుతోందా అన్నది గ్లాసు తిప్పి వాసన చూస్తేనే తేలుతుంది.

మొన్న వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. "ఓపిక పట్టాలమ్మా," అన్నాడు డాక్టరు. ఆయనకేం, ముక్కు బాగానే ఉంది. కోతలకు ముందే నయం చేసుకుని రమ్మని తోట పెద్దాయన మర్యాదగా చెప్పాడు. లేకపోతే రావద్దనే అర్థం. తెనాలి వచ్చి అమ్మ దగ్గర పడ్డాను.

అమ్మ రిటైరైన టీచరు. రోజూ పొద్దున్నే నా కళ్ళకు తువ్వాలు కట్టి, కాఫీ పొడి, ఏలకులు, ఎండు రొయ్యల డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టేది. ఏమీ తెలిసేది కాదు. ఎండు రొయ్యల వాసన కూడా తెలియని మనిషి ఇక దేనికి పనికొస్తుంది? తువ్వాలు అలాగే ఉంచుకుని ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం రేపల్లెలో పిన్ని పీతల కూర వండింది. ఇదివరకు నేనే ఆవిడకు పాఠాలు చెప్పేదాన్ని. మన కారానికి వగరు ఎర్ర వైన్ తోడైతే నోరు మండిపోతుంది, పులుసుకు అంతే పులుపున్న తెల్ల వైన్ కావాలి, పీతకు కాస్త తీపి తగిలేది చల్లగా పోసుకోవాలి, అని. ఆ రోజు సీసా తీసి కూరతో తాగాను. కారం తెలిసింది, పులుపు తెలిసింది. పీత ఎక్కడా లేదు, వైనూ లేదు. "ఎలా ఉందే?" అంది పిన్ని. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత ఒక పొద్దున డబ్బాల్లో ఉన్నవన్నీ సరిగ్గా చెప్పేశాను. అమ్మ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. నేను నాసిక్‌కి ఫోన్ చేసి టికెట్టు తీసుకున్నాను. మర్నాడు అమ్మ డబ్బాలు తోమడానికి వేసి, అన్నీ గిన్నెల్లో తెచ్చింది. ఒక్కటీ చెప్పలేకపోయాను. అన్నాళ్ళూ మూతల చప్పుడు విని విని నా చెవులు నేర్చుకున్నాయి తప్ప ముక్కు కాదు. టికెట్టు మాత్రం రద్దు చేయలేదు. వెళ్ళేలోపు వస్తుందేమోనని ఆశ.

చర్చిలో ప్రభు సంస్కారంలో అందరికీ ఇచ్చే ద్రాక్షరసం మా ఇంటి నుంచే వెళ్తుంది. నల్లద్రాక్ష ఉడికించి వడకట్టాక, ఇంట్లో ఒకరు వాసన చూసి "పంపొచ్చు" అనాలి. అమ్మమ్మ పోయాక నేను ఇంట్లో ఉంటే ఆ పని నాదే. ప్రయాణానికి ముందురోజు అమ్మ గ్లాసు తెచ్చి, "చూడమ్మా, చర్చికి పంపాలి," అంది.

గ్లాసు తిప్పి పీల్చాను. ఎక్కడో లోపల సన్నగా తగిలింది. నల్లద్రాక్ష. మళ్ళీ పీల్చాను. ఉడికిన తొక్కల వాసన, దాని కింద తడిమట్టి. ఒక గుక్క తాగాను. తీపి, పులుపు, చివర కాస్త వగరు.

"వచ్చిందమ్మా," అన్నాను. "పంపొచ్చు. చాలా బాగుంది."

అమ్మ నా పక్కన కూర్చుంది.

"అందులో ద్రాక్ష లేదమ్మా," అంది. "బీట్‌రూట్ రంగు, నిమ్మకాయ, పంచదార, కాస్త టీ డికాషన్. నువ్వక్కడికెళ్ళి నలుగురిలో మాటపడతావేమోనని, పరీక్షించడానికి నేనే కలిపాను."

గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ద్రాక్ష వాసన వస్తూనే ఉంది.