సావిత్రక్క మగ్గం గదిలో కెమెరా

నకిరేకల్‌లో మా పద్మశాలీల వీధిలో మగ్గం చప్పుడు ఇప్పుడు ఒక్క ఇంట్లోనే వినిపిస్తుంది. అది మా పక్కింటి సావిత్రక్కది. మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు కండెలకు నూలు చుట్టాలి, ఒకరు నేయాలి. భర్త గుర్వయ్య పోయాక రెండు పనులూ ఆమెవే అయ్యాయి. కాసేపు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకుంటుంది, లేచి మగ్గం గుంటలో దిగి నేస్తుంది, కండెలు అయిపోగానే మళ్ళీ పైకి వస్తుంది. పిల్లలు లేరు. వీధిలో పనిచేయగలిగిన వాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కి పోతారు. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. పగలంతా ఆమెతో ఒక్క మాట మాట్లాడే దిక్కుండదు.

ఆమె తమ్ముడు పరమేష్ బొంబాయి దగ్గర భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. బావ సంవత్సరీకానికి వచ్చినప్పుడు ఆ గది గోడకు ఒక కెమెరా బిగించాడు. పిడికిలంత తెల్లటి డబ్బా. ఎక్కడో కూర్చుని ఫోన్లో వేలు జరిపితే ఇక్కడ తల తిప్పుతుంది.

"నువ్వు ఒక్కదానివే ఉంటవక్కా. ఆడికెల్లి నేను చూస్తుంట, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాటను ఆమె కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం పూట కెమెరా తల తిరిగేది. "వచ్చినవా పరమేషా? తిన్నవా?" అని పలకరించేది. కంచం ఎత్తి గోకరకాయ కూర చూపించేది. నేసిన అంచును వెలుతురుకు పట్టి చూపించేది. బావ గుర్తొచ్చి ఏడుపొస్తే ఆ డబ్బా వైపు తిరిగే ఏడ్చేది. జవాబు రాదేమని నేనడిగితే, "మరమగ్గాల మోతల మాట్లాడితే ఇనవడతదా చెల్లె? చూస్తడు, గంతే" అని నాకే పాఠం చెప్పింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మగ్గంలో దిగడం మొదలుపెట్టింది. ముఖం తేటపడింది. అక్కను ఒంటరిగా వదిలేశాడని పరమేష్ మీద నాకున్న కోపం కూడా సగం దిగిపోయింది.

అతను ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసేవాడు. "నిన్న చూపెట్టిన చీర మంచిగున్నదా?" అని అక్క అడిగితే "ఆఁ, మంచిగున్నదక్కా" అనేవాడు. ఆ మోతలో ఏం విన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

దసరా దాటాక బంధువుల పెళ్లికి వచ్చి అక్క ఇంట్లో దిగాడు. నేనూ అక్కడే ఉన్నాను. సావిత్రక్క అన్నం వడ్డిస్తూ, "రోజు పగటీలి చూస్తవు గదా, నేను చిక్కిన్నా?" అని అడిగింది.

"ఏడ చూస్తనక్కా? ఎండకాలంల ఫోన్ పగిలిపాయె. కొత్త దాంట్ల గా యాప్ ఎక్కియ్యనే లేదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "డబ్బా తల మొన్న గూడ తిరిగింది" అంది మెల్లగా.

బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఫహీంను పిలిపించాను. అక్క ఫోన్‌లోని కెమెరా యాప్ తెరిచి చూస్తే, ముక్కూమొహం తెలియని ఫోన్ ఒకటి ఆ కెమెరాకు కలిసి ఉంది. ఎవరిదో, ఏ ఊరిదో కనిపెట్టే దారి లేదన్నాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టారని అడిగాడు. వీధిలో అందరం పెట్టుకున్నదేనని చెప్పాను. మా వీధిలో ఎవరు ఊరికి పోయినా తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోతారు. వైఫైలు, కెమెరాలు వచ్చాక కూడా అదే పద్ధతి నడిపించాం. ఎవరిల్లు ఎవరైనా చూసుకోవచ్చని అందరం ఒకటే పెట్టుకున్నాం. మార్కండేయ, పక్కన ఒకటి రెండు మూడు.

"మీ కులదేవుడెవరో నకిరేకల్ల తెల్వనోళ్లున్నరా టీచరమ్మా?" అన్నాడు ఫహీం. "లాగిన్ నంబరేమో అక్క ఫోన్ నంబరే, వాకిట్ల చీరల బోర్డు మీదనే ఉన్నది. నా దుకాణంల వైఫై ప్రింటరు గూడ గిట్లనే. డబ్బాతోని వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండ ఉంచితే, ఎవడో బయటికెల్లి కట్టలు కట్టలు కాగితాలు కొట్టిండు."

పాస్‌వర్డ్ మార్చాడు. ఆ తెలియని ఫోన్ తెగిపోయింది. పరమేష్ తన కొత్త ఫోన్లో యాప్ ఎక్కించుకుని, "వాని కండ్లు పీకాలె" అని కాసేపు ఎగిరాడు. నాకు వాడి మీదకంటే ఇతని మీదే ఎక్కువ మండింది. మర్నాడు "ఇగ రోజు చూస్తనక్కా" అని చెప్పి బస్సెక్కాడు.

సావిత్రక్క కొన్నాళ్లు ఆ గది గడప తొక్కలేదు. ఎవడి ముందు ఏడ్చిందో, ఎవడికి ఏమేం చెప్పుకుందో తలుచుకుని సిగ్గుతో కుమిలిపోయింది. డబ్బా మీద గుడ్డ కప్పమన్నాను. కప్పింది. తమ్ముడు చూస్తాడేమోనని మర్నాడే తీసేసింది.

కార్తీకం కూడా గడిచిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. రాట్నం ముందు కూర్చుని ఉంది. అన్నం కంచం మూత తీయకుండానే పక్కన పెట్టుకుంది. గోడ మీది కెమెరా తలుపు వైపు చూస్తూ, పోయినసారి నేను చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఫోన్ చేస్తున్నడా పరమేష్?" అని అడిగాను.

"చేసిండు. పనులు మస్తున్నయంట." నూలు కొస వెతికి కండెకు చుట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది: "తోడవుట్టినోడు చూడకపాయె చెల్లె. గా దొంగోడన్న రోజు చూసిండు."