అత్తమ్మా అనేసింది

ఆన్‌లైన్ మొక్కల గ్రూపులో పరిచయమైన రజిత ఈ రోజు సిద్దిపేట నుంచి మొదటిసారి ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి వచ్చింది. ఇంతకాలం చూడటానికి వచ్చిన పెళ్లికొడుకు ఒక్కడూ నాకెందుకు నచ్చలేదో, ఆమెతో చాటింగ్ మొదలయ్యాకే నాకు అర్థమైంది. ఇంట్లో మాత్రం దోస్తు అని చెప్పాను.

అమ్మను పెద్దమ్మా అని పిలవమని బస్టాండు నుంచి దారి పొడవునా రజితకు పాఠం చెబుతూనే తీసుకొచ్చాను. ఎందుకంటే చాటింగ్‌లో మేం సరదాగా అనుకునే పిలుపు వేరు. అమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. తీరా వాకిట్లోకి రాగానే రజిత కంగారులో ఆ పిలుపే పిలిచేసింది.

"బాగున్నవా అత్తమ్మా?"

అమ్మ ఒలవడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాకు కొడుకు లేడు గద బిడ్డా" అంది.

మేం తలలు వంచుకుని నిలబడ్డాం. అమ్మ చాటను రజిత వైపు జరిపింది.

"కూసో. జర ఇన్ని ఒలువు."

సాయంత్రం రజిత బయల్దేరుతుంటే అమ్మ బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టింది.

"బస్సెక్కినంక ఫోన్ చెయ్యి. దానికి కాదు, నాకు చెయ్యి. అత్తమ్మను నేనే గద!"

అరగంటగా అమ్మా, రజితా ఫోన్లో అనపగింజల కూర గురించే మాట్లాడుకుంటున్నారు. అత్తాకోడళ్ల మధ్య నలిగిపోయినవాళ్ల గురించి చాలా విన్నాను. కానీ అత్తాకోడళ్ల మాటలు ఎప్పుడు అయిపోతాయా అని, నాలాగా వంతు కోసం కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?