గుడ్లత్త విమానం లెక్క

యంత్రంలో గుడ్డు వేడి సరిపోయిందో లేదో చూడాలంటే గుడ్లత్త మీటరు వంక చూడదు. గుడ్డు తీసి మూసిన కనురెప్పకి ఆనించుకుంటుంది. కొత్త కాపురంలో ఒక చెక్కపెట్టె, రెండు బల్బులతో మొదలెట్టిన పని. ఇప్పుడు ముందు గదంతా పొదిగే యంత్రమే, చుట్టాలొస్తే వంటింట్లో కూర్చోవలసిందే.

అలాంటి ఆవిడకి రెండు సముద్రాల అవతలి నుంచి బేరం తగిలింది. కాళ్లకి ఈకలుండే జాతి కోడిపిల్లలు వంద కావాలని ఒక రైతమ్మ అడిగింది. విమానంలో పంపాలి. దారిలో చస్తే పాపం చుట్టుకుంటుంది, పరువూ పోతుంది.

“ఎంతసేపు పడుతుందో చూడు నాయనా” అని అల్లుణ్ణి అడిగింది.

అల్లుడు ఫోనులో రెండు విమానాశ్రయాల పేర్లూ కొట్టాడు. “పదిహేను వేల కిలోమీటర్లు అత్తయ్యా. పద్దెనిమిది గంటలు.”

“నేరుగా వెళ్లే విమానం ఉందా?”

“లేదు...”

“మరి కాకిలెక్కలు చెబుతావేం? మధ్యలో దిగి కాచుకునేది, అక్కడ లారీలో పోయేది, అన్నీ కలుపు.”

కలిపితే రెండు రోజులు తేలింది. గుడ్లత్త నవ్వేసింది. గుడ్డులోంచి బయటపడే ముందు కోడిపిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. దాంతో మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా గడిపేస్తుంది.

“రెండు రోజుల దారికి మూడు రోజుల బత్తెం! ఇంకేం కావాలి?”

పిల్లలు పుట్టాయి. అట్టపెట్టెలు సిద్ధమయ్యాయి. యంత్రం తలుపు తియ్యబోతూ గుడ్లత్త ఆగిపోయింది. అద్దం వెనక ఒక పిల్ల పెద్దమనిషిలా తిరుగుతూ అందరి నెత్తీ పొడుస్తోంది. పక్కనే ఇంకోటి తడి ఈకలతో అప్పుడే పెంకు తోసుకుంటోంది. ఆ పొడిచేది నిన్న పొద్దున పుట్టింది. దాని బత్తెంలో ఒక రోజు అప్పుడే అయిపోయింది! విమానం కాస్త ఆలస్యమైతే ఇక అంతే.

“కొంప మునిగేది అల్లుడూ! పెట్టె కట్టినప్పటి నుంచి లెక్కేశాను నేను.”

“నాది కాకిలెక్క అన్నారుగా. మరి మీది?”

“కోడిలెక్క. ఏడిపించింది చాల్లే, ఇలా రా.”

నిన్నటివన్నీ వీధివాళ్లకి, ఇవాళ్టివి విమానానికి అని తేల్చేసింది. వెనక పుట్టినవి నీరసమని అందరూ అంటారు. అందుకని ఒక్కోదాన్నీ అరచేతిలో వెల్లకిలా పెట్టి చూసింది. చటుక్కున తిరగబడి నిలబడ్డవే పెట్టెలోకి. అరవై తేలాయి.

“వంద అన్నాం కదా అత్తయ్యా!”

“అరవై అని ఇప్పుడే చెప్పు. మాట తగ్గినా ఫరవాలేదు, ప్రాణం తగ్గకూడదు.”

తరవాత ఆవిడ గడపలో కూర్చుని దిగులు పడలేదు. మరో విడత గుడ్లు ఏరి యంత్రంలో సర్దింది. పెట్టెలు చేరే వేళకి ఫోను మోగింది. అవతల రైతమ్మ ఏదో చెబుతోంది గానీ మాట వినపడితేగా, అన్నీ కీచుకీచులే!

“ఎన్ని బతికాయో అడగనా?” అన్నాడు అల్లుడు.

“చెవులు లేవూ నీకు? మిగతా నలభై ఎప్పుడు పంపాలో అదడుగు” అంటూ గుడ్లత్త ఇంకో గుడ్డు కనురెప్పకి ఆనించుకుంది.