నోట్లో గుండుసూదులు

మా బావ మనిషిని ఒక్కసారి చూసి కోటు కొలతలు చెప్పేస్తాడు. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడమంటేనే ప్రాణం మీదికొస్తుంది. సొంత కొట్టు మూతపడ్డాక, నేను ఇస్త్రీ చేసే పెద్ద బట్టల షాపులో ఆయన్ని ఫిట్టింగ్ పనికి పెట్టించాను. కోటు కొన్నవాళ్ళని అద్దం ముందు నిలబెట్టి, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో గుండుసూదులు గుచ్చి గుర్తు పెట్టాలి. అక్కడికి అన్ని భాషలవాళ్ళూ వస్తారు. అందుకని ఏదడిగినా మర్యాదగా ఇంగ్లీషులోనే అడగాలని మేనేజరమ్మ పట్టు. శనివారం పక్కన నిలబడి చూస్తానంది. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

కాలేజీలో చదివే మేనకోడలు వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"‘డు యు వాంట్ ఇట్ షార్టర్’ అనకు నాన్నా, మొరటుగా ఉంటుంది. ‘వుడ్ యు లైక్ ఇట్ షార్టర్’ అను. నువ్వే చేసిపెడతానని అడిగేటప్పుడు ‘షల్ ఐ మేక్ ఇట్ షార్టర్’ అనాలి."

"మూడిటికీ కత్తిరించేది అదే గుడ్డ కదే!"

"గుడ్డ అదే. వినేవాళ్ళకి తేడా."

అక్క వంటింట్లోంచి నాతో అంది: "కాపురానికొచ్చిన కొత్తలో నన్ను మంచినీళ్ళు అడగడానికే ఆయనకి నెల పట్టిందిరా తమ్ముడూ. శనివారానికి ఇంగ్లీషట!"

శనివారం రానే వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న ఒకాయన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. మేనేజరమ్మ చేతులు కట్టుకుని పక్కనే ఉంది. పని ఇప్పించింది నేనేనాయె, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

బావ నోరు తెరిచాడు. డు యు, వుడ్ యు, షల్ ఐ, మూడూ ఒకేసారి బయల్దేరి గుమ్మంలో ఇరుక్కున్నాయి. ఏం తోచక, పాత అలవాటు కొద్దీ గుప్పెడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. కొంప మునిగిందనుకున్నాను.

నడుం దగ్గర గుడ్డ చిటికెడు పట్టుకుని, అద్దంలో ఆయన వైపు చూసి కనుబొమలెగరేశాడు బావ. "లిటిల్ లూజ్," అన్నాడాయన. మణికట్టు మీద వేలు పెట్టి మళ్ళీ కనుబొమలెగరేశాడు. "యెస్, యెస్." నోట్లో సూదులు ఒక్కొక్కటే కోటులోకి చేరాయి.

భుజాల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఆయన ఎడమ భుజం కాస్త కిందికి ఉంది. లోపల మెత్త పెడితే సరిపోతుంది, కానీ అడక్కుండా పెడితే మనిషి నొచ్చుకోవచ్చు. పోనీ వదిలేద్దామంటే కోటు వంకరగా ఉంటుంది. ఇది కనుబొమలతో అడిగే సంగతి కాదు. మిగిలిన సూదులు నోట్లోంచి తీసేశాడు. దగ్గరగా జరిగి, ఆ భుజం మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా అన్నాడు:

"షల్ ఐ?"

మిగతాది మరిచిపోయాడట.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ప్లీజ్," అన్నాడు.

"హమ్మయ్య!" అనేశాడు బావ, పైకే.

ఆయన గిరుక్కున తిరిగాడు. "తెలుగువారా! ఎన్నో కోట్లు కుట్టించుకున్నానండీ. ఈ భుజం చూడనట్టు నటించేవాళ్ళే అందరూ. అడిగింది మీరొక్కరే."

"తెలుగని ముందే చెప్పొచ్చు కదండీ! వారం నుంచీ నాకు తిండి సహించలేదు."

"ఎలా చెప్పనండీ, మీ నోటినిండా సూదులాయె!"

మేనేజరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. "ఉద్యోగం ఖాయం," అంది. "కానీ ఆ సూదులు ఇక నోట్లో పెట్టుకోవద్దు. మింగితే నా పీకకి చుట్టుకుంటుంది." నా ఒంట్లోకి అప్పుడొచ్చింది ప్రాణం.

ఆ రాత్రి బావ మారువడ్డన అడిగి మరీ తిన్నాడు. కూతురు మూడు వాక్యాల్లో ఏది అన్నావని ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు. అక్క సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. బావ లేచి, వెనకనుంచి వెళ్ళి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"షల్ ఐ?"

అక్కకి ఇంగ్లీషు ముక్క రాదు. వెనక్కి తిరక్కుండానే గిన్నెలు తుడిచే గుడ్డ ఆయన చేతికిచ్చి, కాస్త పక్కకి జరిగింది.