పసుపు రాసిన జానెడు చోటు

మేం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు వీధిలో అందరివీ ఎర్ర ఇటుక గోడలు. మాది మాత్రం సిమెంటు దిమ్మల గోడ. ఒక్కో దిమ్మలో రెండేసి బొక్కలు. తేలిక, చల్లదనం అని మా ఆయన తను పనిచేసే ఓడల డాక్‌లో అందరికీ చెప్పుకున్నాడు. ఆ గోడకి అవతలి పక్క టీ దుకాణం. పొద్దున్నొకసారి, మూడింటికొకసారి బొగ్గుల పొయ్యి రాజేసేవాడు. ఆ పొగ మా ఇంట్లోకొచ్చేది.

మా అత్తకి ఆయాసం. నన్ను తిట్టడం మొదలెట్టి సగంలో ఆగిపోయేది. మిగతా సగం నేనే పూర్తి చేసుకునేదాన్ని. ఆస్పత్రి డాక్టరు చూసి, ఈ పొగలో ఉంటే మనిషి దక్కదు, ఊరు పంపించెయ్యండి అన్నాడు. ఊళ్ళో మాకెవరూ లేరు.

"అమ్మా, హౌరాలో రైలెక్కించెయ్యమన్నావేటి?" అనడిగాడు మా ఆయన.

"నానెల్లను," అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "నువ్వెల్లు," అంది.

దాంతో ఆయన గోడ మీద పడ్డాడు. ముందు కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. పొగ ఆగలేదు. పైకెక్కి చూస్తే రేకుల కింద ఆఖరి వరస దిమ్మల బొక్కలు తెరుచుకునే ఉన్నాయి. వాటిల్లో గోనె కుక్కి సిమెంటు పెట్టాడు. కొంచెం తగ్గింది. ఆఖరికి మిస్త్రీని పిలిచి లోపలంతా ప్లాస్టరింగ్ చేయించాడు. మిస్త్రీ బెంగాలీవాడు. మా వీధిలో పనులు చేసీ చేసీ సగం తెలుగు వచ్చేసింది. గోడ అద్దంలా తయారైంది. పొగ మాత్రం వస్తూనే ఉంది.

మళ్ళీ పిలిస్తే ఊదుబత్తి ఒకటి పట్టుకుని మూడింటికి వచ్చాడు. తలుపులు, కిటికీలు మూయించాడు. ఫ్యాను ఆపక్కర్లేదు, లోడ్ షెడ్డింగ్, కరెంటే లేదు. ఊదుబత్తి వెలిగించి గోడ వెంట నెమ్మదిగా నడిచాడు. పొగ నిటారుగా పైకి పోతోంది. స్విచ్చి బోర్డు దగ్గరా నిటారే. దేవుడి మూలకి రాగానే ఎవరో గోడలోంచి ఊదినట్టు ఇటు వంగింది.

అక్కడ జానెడు మేర ప్లాస్టరింగ్ లేదు. ఇంట్లో చేరిన రోజే అత్త వట్టి దిమ్మ మీద పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది. అది మా అమ్మవారు. సిమెంటు తగలకూడదంటే మిస్త్రీ చుట్టూ పూసి ఆ చోటు వదిలేశాడు. అమ్మవారున్న చోటుని బొక్క అని ఎవరనుకుంటారు? వారం తిరక్కుండా బొట్లు నల్లబడేవి. తను వేసే సాంబ్రాణి అంత బాగా పడుతోందని అత్త సంబరపడేది.

"మాషీమా, దిమ్మ లోపలంతా గొట్టంలా ఉంది," అన్నాడు మిస్త్రీ, అత్తని పిన్నమ్మ వరస పెట్టి. "పొగ అటు ఎక్కడ దూరినా ఇటు ఇక్కడే వస్తుంది. మిగతాదంతా మూసేశాం కదా, పాపం ఇంకెక్కడికి పోతుంది?"

"అమ్మోరి మీద సిమెంటేస్తావేటి? నీ సెయ్యి..." ఆయాసం అడ్డొచ్చింది.

మిస్త్రీ నా వైపు తిరిగాడు. "నా చెయ్యి ఏమవుతుంది బౌదీ?" అని వదిన వరస కలిపి నన్నడిగాడు.

"పడిపోద్దంట," అన్నాను. ఆ తిట్టు నాకు పాతదే.

అతను తాపీ కింద పెట్టేశాడు.

నేను అత్త పక్కన కూర్చున్నాను. "అత్తా, ఊళ్ళో మట్టిగోడ అలికినప్పుడు అమ్మోరినేటి సేసీవోరు?"

"దణ్ణమెట్టి అలికేసీవోలం. కొత్త మట్టిలో పసుపు కలిపీవోలం."

"మరైతే?"

"అది మట్టి."

"ఇదీ గోడే కదత్తా."

అవతల పొయ్యి బాగా రాజుకుంది. అత్తకి దగ్గు పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. వదిలాక లేచి గోడ పట్టుకుని నడిచి, పసుపు డబ్బా తెచ్చి మిస్త్రీ ముందు పెట్టింది.

"ఇది కలుపు. తాపీతో కాదు, సేత్తో కలుపు."

దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంది. మిస్త్రీ కూడా చెయ్యి కడుక్కుని, ఆ చేత్తోనే దణ్ణం పెట్టి పసుపు కలిపాడు. సిమెంటు తగలగానే పసుపు ఎర్రబడింది.

"సూసినావా," అంది అత్త నాతో. "తనే బొట్టెట్టుకుంది."

సిమెంటులో ఉండేదీ సున్నమే. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకు పారాణి కలపడం నేర్పింది ఆవిడే.

మిస్త్రీ ఆ ముద్దతో జానెడు చోటూ పూసేశాడు. వారం రోజులు తడిపాం. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అత్త ఆ మూలలోనే కూర్చుని తనే ఊదుబత్తి వెలిగించింది. అవతల పొయ్యి వెలిగింది. పొగ నిటారుగా పోయింది.

నేను వంకాయలు తరుగుతున్నాను. అవి ముక్కలా, గొడ్డలితో నరికిన దుంగలా, పుట్టింట్లో నీకు కత్తిపీట ఎవులూ సూపించలేదా, ఇన్నేల్లయినా నీకు సెయ్యి తిరగలేదేటి అని మొదలెట్టి, అత్త మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా తిట్టింది.

అందులో సగం నేను అంతకుముందు ఎప్పుడూ విననిది.