పటం మీద పచ్చ కాగితం

అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండగా కాలేజీ ఎగ్జిబిషన్‌కి మా ఊరి పటం గీశాను. నలుగురిలో నోరు విప్పలేని నాకు కాగితాలతో పని హాయిగా ఉండేది. అట్ట మీద ఊరి పటం. దానిపైన మూడు ట్రేసింగ్ కాగితాలు, ఎత్తి చూడడానికి వీలుగా పైఅంచున మాత్రమే అంటించాను. పాత నక్షాలోని మురుగు కాలువ నీలం, ఇప్పటి కొబ్బరి తోటలు పచ్చ, వానలకు మునిగే ఇళ్లు ఎరుపు.

పటం బాగా కుదిరితే నన్ను వాల్తేరులో ఎమ్మే చదివించమని నాన్నగారిని అడుగుతానన్నారు జాగ్రఫీ మాస్టారు. నాకు కావలసిందల్లా అదే. అందుకే తోటలన్నీ తిరిగి ఒక్క చెట్టూ వదలకుండా గీశాను. గట్టు జారకుండా అని చెప్పి మావాళ్లు కాలువలోకి మట్టి నెట్టి కొత్త వరస నాటేవారు. ఆ వరసలూ గీశాను.

ఎగ్జిబిషన్‌కి మా ఊరి చివరి పేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మూడు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పరిచి చూపించాను. ఒకచోట నీలం గీత పచ్చ కింద మాయమైంది. సరిగ్గా దానికి ఎగువనే ఎరుపంతా.

"ఈ పచ్చ ఎవరిదండీ, అమ్మాయిగారూ?"

"మాదేనయ్యా," అన్నారు నాన్నగారు నా వెనక నుంచి.

"ఆయ్, పోల్చేనండి. ఆ ఎర్రచుక్కల్లో మా ఇల్లుందండి," అని అతను దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"ఆ పచ్చ కాగితం తీసెయ్యమ్మా. గజిబిజిగా ఉంది," అన్నారు నాన్నగారు.

పక్కనే నిలబడ్డ మాస్టారి వైపు చూశాను. అది లేకపోతే పటానికి అర్థమే లేదని నాతో అన్నది ఆయనే.

"ఆయ్, లేకపోయినా అందంగానే ఉంటుందండి," అన్నారాయన.

తీసేశాను. ఆ తరవాత వచ్చినవాళ్లు ఈ ఇళ్లెందుకు మునుగుతాయని అడిగితే, వానలండీ అని చెప్పాను.

సాయంత్రం మాస్టారు వాల్తేరు మాట ఎత్తకపోలేదు. "ఇంటిగుట్టు పటం గీసి పెట్టే పిల్లండి. ఊరు దాటిస్తే ఇంకేం గీస్తుందో," అన్నారు నాన్నగారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పటానికి మొదటి బహుమతి వచ్చింది. చూడగానే అర్థమయ్యేలా ఉందని మెచ్చుకున్నారు. వాల్తేరుకు దరఖాస్తు పంపవలసిన గడువు, ఇంట్లో కొబ్బరి దింపు హడావుడిలో దాటిపోయింది.